వాంపైర్, తోడేలు మనిషి: లేని వైరం మీద నిలిచిన తులన

1. ప్రస్తావన

తులనాత్మక అధ్యయనానికి రెండు వస్తువులు కావాలి. ఆ రెండూ తులనకు ముందే వేర్వేరుగా ఉన్నాయని నిరూపణ కావాలి. ఈ రెండవ నియమాన్ని పాటించని తులన తాను గీసిన గీతనే తాను కనుగొన్న సరిహద్దుగా ప్రకటించుకుంటుంది. ఐరోపా జానపద విశ్వాసాలలోని వాంపైర్‌ను, తోడేలు మనిషిని పోల్చే రచనలలో ఈ దోషం తరచుగా కనిపిస్తుంది.

ఇటువంటి రచనలకు ఆధారంగా ఒక సిద్ధమైన పట్టిక ఉంటుంది. వాంపైర్ ప్రభువంశీయుడు, పాలిపోయిన దేహం కలవాడు, సంయమనం గలవాడు, సూర్యకాంతి తగిలితే నశించేవాడు. తోడేలు మనిషి సామాన్యుడు, కోపిష్ఠి, పున్నమినాడు స్వాధీనం తప్పేవాడు, వెండి తూటాకు మాత్రమే లొంగేవాడు. కాటు ద్వారా ఇద్దరూ తమ జాతిని పెంచుకుంటారు. ఇద్దరి మధ్య అనాదిగా వైరం ఉంది. పట్టిక ఇలా సిద్ధమైన తరువాత వ్యాఖ్యానం సులభమవుతుంది. ఒకరు వాంఛకు, మరొకరు క్రోధానికి ప్రతీకలు. ఒకరు పెట్టుబడికి, మరొకరు శ్రమకు ప్రతినిధులు. ఒకరు నాగరికత, మరొకరు ప్రకృతి.

ఈ పట్టికలోని ప్రధానాంశాలలో చాలావాటికి పుట్టిన తేదీ ఉంది. కొన్నింటికి రచయిత పేరు కూడా ఉంది. ఆ తేదీలలో ముఖ్యమైనవి 1819, 1922, 1941. అంటే ఇవి జానపద సమాజం తరతరాలుగా నమ్మినవి కావు. పత్రికలు, నవలలు, చలనచిత్ర నిర్మాణ సంస్థలు కూర్చినవి. జానపదంలో ఈ రెండూ శత్రువులు కావు. కొన్ని ప్రాంతాలలో ఇవి రెండు కూడా కావు. ఈ వాస్తవాన్ని విస్మరించిన తులన జానపద పరిశోధనగా నిలవదు.

జనప్రియ సంస్కృతిని పరిశోధనాంశంగా స్వీకరించడం నేడు తెలుగు శాఖలకు కొత్త కాదు. అనువాద చిత్రాల ద్వారా, ధారావాహికల ద్వారా ఈ రెండు మూర్తులు తెలుగు పాఠకునికి, ప్రేక్షకునికి పరిచితమయ్యాయి. వాటి వెంట పై పట్టిక కూడా వచ్చింది. బేతాళుని, బ్రహ్మరాక్షసుని, కొరివిదెయ్యాన్ని అదే పట్టికలో ఇమిడ్చే ధోరణి దాని సహజ పరిణామం. కాబట్టి పట్టికనే ముందుగా పరీక్షించవలసి ఉంది.

2. మాట చెప్పే సాక్ష్యం

దక్షిణ స్లావ్ భాషలలో 'వుకొద్లాక్' అనే మాట ఉంది. 'వుక్' అంటే తోడేలు. సంస్కృత 'వృక' శబ్దానికి ఇది సజాతీయం. 'ద్లాక' అంటే రోమం. వ్యుత్పత్తిని బట్టి చూస్తే ఇది తోడేలు చర్మం తొడిగిన మనిషికి పేరు కావాలి. కాని 1818లో వుక్ స్తెఫానొవిచ్ కరాజిచ్ వెలువరించిన సెర్బియన్ నిఘంటువు ఈ మాటకు చెప్పిన అర్థం వేరు. మరణించిన నలభై రోజులకు ఏదో దుష్టాత్మ ప్రవేశించగా లేచి తిరిగే మృతుడు వుకొద్లాక్. అంటే పేరు తోడేలు మనిషిది, లక్షణం వాంపైర్‌ది. స్లావ్ భాషల నుంచే గ్రీకులోకి వెళ్ళిన 'వ్రికోలకాస్' అనే మాట కూడా అక్కడ సమాధి నుంచి లేచే శవానికే వర్తిస్తుంది.

ఇది నిఘంటుకారుని పొరపాటు కాదు. బ్రతికి ఉన్నప్పుడు తోడేలుగా మారినవాడు చనిపోయాక వాంపైర్ అవుతాడనే విశ్వాసం తూర్పు, ఆగ్నేయ ఐరోపాలో నమోదై ఉంది. ఆ విశ్వాసంలో ఇవి రెండు జాతులు కావు. ఒకే మనిషి జీవితంలోనూ మరణానంతరంలోనూ ఉండే రెండు దశలు. రెండు దశలను రెండు పక్షాలుగా చీల్చి, వాటి మధ్య యుద్ధం ఎందుకు వచ్చిందని ప్రశ్నించడం అర్థరహితం.

తెలుగులో వాంపైర్‌కు 'రక్తపిశాచి' అనే మాట స్థిరపడింది. ఈ అనువాదం రక్తపానాన్నే ప్రధాన లక్షణంగా ముందే నిర్ణయిస్తుంది. 18వ శతాబ్ది నివేదికలలో బాధితుల ఫిర్యాదు అంతకంటె విస్తృతమైనది. మృతుడు రాత్రివేళ వచ్చి మీద పడుకొని గొంతు నొక్కాడని వారు చెప్పారు. రక్తం ప్రస్తావన ఎక్కువగా సమాధి త్రవ్విన తరువాత, శవం నోటి వద్ద కనిపించిన ద్రవానికి వివరణగా వస్తుంది. అనువాద పదమే పరిశోధన ఫలితాన్ని నిర్దేశించకుండా ఉండాలంటే, జానపద సందర్భంలో వాంపైర్ అనే మాటనే నిలుపుకోవడం మేలు.

3. పల్లె శవం కోటలో ప్రభువైన క్రమం

1718 నాటి పస్సారోవిట్జ్ సంధితో ఉత్తర సెర్బియా హాబ్స్‌బర్గ్ పాలనలోకి వచ్చింది. కొత్త పాలకులకు అక్కడి గ్రామాల నుంచి అంతవరకు తాము ఎరుగని ఫిర్యాదులు అందాయి. 1725లో కిసిల్యెవో గ్రామంలో పేతర్ బ్లగోయెవిచ్ అనే రైతు మరణించిన తరువాత, ఎనిమిది రోజులలో తొమ్మిది మంది చనిపోయారు. గ్రామస్థులు అధికారిని పిలిపించి, అతని ఎదుట సమాధి త్రవ్వి, శవానికి మేకు దిగగొట్టి దహనం చేశారు. ఆ అధికారి నివేదిక అదే సంవత్సరం వియన్నా పత్రికలో అచ్చయింది. 1732లో మెద్వెజ గ్రామం గురించి సైనిక శస్త్రవైద్యుడు యొహానెస్ ఫ్లూకింగర్ ఇచ్చిన నివేదిక ఐరోపా అంతటా చర్చనీయమైంది. అందులోని అర్నాల్ద్ పావ్లె అనే వ్యక్తి హైదుక్, అంటే సరిహద్దు ప్రాంతపు సాయుధ రైతు. ఎండుగడ్డి బండి మీద నుంచి పడి మెడ విరిగి చనిపోయినవాడు. వాంపైర్ అనే మాట ఆంగ్ల, ఫ్రెంచి పాఠకులకు విస్తృతంగా పరిచయమైంది ఈ నివేదిక వల్లనే.

ఈ నివేదికలలోని శవాలు పాలిపోయినవి కావు. ఉబ్బి, ఎర్రబారి, కొత్త చర్మం, కొత్త గోళ్ళు వచ్చినట్లు కనిపించినవి. పాల్ బార్బర్ 1988 నాటి తన గ్రంథంలో, భూస్థాపితమైన దేహం కుళ్ళే సహజ క్రమమే ఈ వర్ణనలకు మూలమని వివరించాడు. జానపద వాంపైర్ ఒక బలిసిన పల్లె శవం. అతడు వెంటాడేది కూడా అపరిచితులను కాదు; తన కుటుంబాన్ని, తన ఇరుగుపొరుగును.

అతనికి ప్రభుత్వాన్ని కట్టబెట్టినవాడు జాన్ పొలిడోరి. 1816లో జెనీవా సరస్సు తీరాన బైరన్ ఆరంభించి విడిచిపెట్టిన కథాఖండం ఆధారంగా అతడు రచించిన 'ది వాంపైర్' 1819లో ఒక లండన్ మాసపత్రికలో వెలువడింది. అందులో లార్డ్ రూత్వెన్ లండన్ సభాగృహాలలో తిరిగే ప్రభువు. రూత్వెన్‌కు బైరన్‌తో పోలిక ఉండడం ఆనాటి పాఠకులకు తెలిసినదే. పల్లె శవం స్థానంలో ప్రభువు వచ్చింది ఇక్కడ.

1897లో బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' ఈ ప్రభువుకు శాశ్వతత్వాన్ని ఇచ్చింది. ఆ నవలే వాంపైర్, తోడేలు మనిషి ద్వంద్వాన్ని తిరస్కరిస్తున్నదనే విషయం మాత్రం మరుగున పడింది. మొదటి అధ్యాయంలోనే జొనాథన్ హార్కర్, దారిలో జనం పలికిన మాటలను నిఘంటువులో వెదకి, వాటికి తోడేలు మనిషి అని గాని వాంపైర్ అని గాని అర్థమని వ్రాసుకుంటాడు. డ్రాకులా తోడేళ్ళను శాసిస్తాడు. తానే తోడేలు రూపంలో ఓడ దిగి ఇంగ్లండులో అడుగుపెడతాడు. అతని కలిసిన కనుబొమలు, అరచేతి రోమాలు తోడేలు మనిషికి చెప్పే గుర్తులు. 1865లో బేరింగ్-గౌల్డ్ తోడేలు మనుషుల గురించి ప్రచురించిన గ్రంథం స్టోకర్ నోట్సులోని ఆధారాలలో ఒకటి. ఆధునిక వాంపైర్‌కు మూలపురుషునిగా భావించే పాత్ర నిర్మాణంలో తోడేలు మనిషి అంతర్భాగం. డ్రాకులాను ఒక వైపున, తోడేలు మనిషిని మరొక వైపున నిలిపే తులన ఆ నవలను చదవకుండా చేసిన తులన.

4. స్టూడియోలో పుట్టిన 'ప్రాచీన విశ్వాసాలు'

స్టోకర్ డ్రాకులా లండన్ వీధులలో పగటిపూట సంచరిస్తాడు. పగలు అతని శక్తులు తగ్గుతాయే తప్ప ఎండ అతనిని దహించదు. సూర్యకాంతికి వాంపైర్ నశించడం 1922 నాటి జర్మన్ చిత్రం 'నోస్ఫెరాటు' ముగింపు ద్వారా ప్రచారంలోకి వచ్చిన కల్పన. ఒక చలనచిత్ర ముగింపు శతాబ్ది తిరగకముందే అనాది విశ్వాసంగా ఉదాహరింపబడుతున్నది.

తోడేలు మనిషి విషయంలో స్థితి ఇంకా విచిత్రం. 1941లో యూనివర్సల్ సంస్థ నిర్మించిన 'ది వుల్ఫ్ మాన్' చిత్రానికి కథ, సంభాషణలు సమకూర్చినవాడు కర్ట్ సియోడ్మాక్. నాజీల పాలన నుంచి తప్పించుకొని జర్మనీ విడిచిన యూదుడు. ఆ చిత్రంలో పాత్రలు వల్లించే నాలుగు పాదాల పద్యం పాత జానపద సూక్తిగా అనేకుల రచనలలో చేరింది. అది సియోడ్మాక్ స్వయంగా వ్రాసినది. ఆ పద్యంలో ఉన్నది ఒక విషపు మొక్క పూసే కాలం, పున్నమి కాదు. 1943 నాటి తరువాయి చిత్రంలో పద్యం మార్చి పున్నమిని చేర్చారు. కాటు వల్ల తోడేలుతనం సంక్రమించడాన్ని స్థిరపరచినవి కూడా ఈ కాలపు చిత్రాలే. కాటు అంటురోగంలా వ్యాపించడం అంతకు ముందు వాంపైర్ కథకు చెందిన లక్షణం. నిర్మాణ సంస్థ ఒక మూర్తి లక్షణాన్ని మరొక మూర్తికి అతికించింది. తరువాతి విమర్శ ఆ అతుకును ఇద్దరికీ గల 'సహజ సామ్యం'గా గుర్తించింది.

దీనికి ఒక ఆక్షేపం రావచ్చు. చంద్రునికీ తోడేలు మనిషికీ సంబంధం ప్రాచీన గ్రంథాలలో లేదా అని. ఉంది. క్రీ.శ. ఒకటవ శతాబ్దికి చెందిన పెట్రోనియస్ కథలో సైనికుడు వెన్నెలరాత్రి బట్టలు విప్పి తోడేలవుతాడు. 13వ శతాబ్ది ఆరంభంలో టిల్బరీ గెర్వేస్ చంద్రకళలతో ఈ మార్పును ముడిపెట్టాడు. అయితే పెట్రోనియస్ కథలో వెన్నెల దారి కనిపించడానికి ఉంది. మార్పుకు కారణంగా కాదు. 16, 17 శతాబ్దుల విచారణలలో నిందితుల చేత చెప్పించిన కారణాలలో ప్రధానమైనవి సైతాను ఇచ్చిన లేపనం, తోలు, నడికట్టు. నెలకొకసారి, ఇష్టానికి విరుద్ధంగా, పున్నమినాడు మాత్రమే అనే నియమం సినిమాది. చెదురుమదురుగా ఉన్న ఒక అంశాన్ని సినిమా శాసనంగా మార్చింది. ఈ భేదాన్ని చెప్పడమే పరిశోధకుని పని.

ఇక వైరం సంగతి. 1943లో తోడేలు మనిషిని ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన జీవితో తలపడజేసి లాభపడిన సంస్థ, తరువాతి చిత్రాలలో డ్రాకులాను కూడా చేర్చింది. ఒక్కొక్క మూర్తి ఆకర్షణ తగ్గుతున్నప్పుడు అన్నింటినీ కలిపి చూపడం వ్యాపార సూత్రం. 1991, 1992 సంవత్సరాలలో వరుసగా వెలువడిన 'వాంపైర్: ది మాస్కరేడ్', 'వేర్‌వుల్ఫ్: ది అపొకలిప్స్' అనే పాత్రధారణ క్రీడలు రెండు వర్గాలకు వేర్వేరు వంశాలు, చట్టాలు, చరిత్రలు కల్పించాయి. 2003 నాటి 'అండర్‌వరల్డ్' చిత్రం శతాబ్దాల యుద్ధాన్ని కథాంశం చేసుకుంది. 2005లో మొదలైన 'ట్వైలైట్' నవలలు అదే వైరాన్ని కౌమార ప్రేమకథలో నిలిపాయి. అనాది వైరంగా చెలామణి అవుతున్న దాని వయస్సు ఒక మనిషి ఆయుర్దాయం కంటె ఎక్కువ లేదు.

'ట్వైలైట్' ఇంకొక ప్రశ్నను కూడా లేవనెత్తుతుంది. ఆ నవలలలో తోడేళ్ళుగా మారేవారు కల్పిత జాతి కాదు. అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో లా పుష్ వద్ద నివసించే క్విల్యూట్ అనే ఆదివాసి సమాజం. ఆ సమాజపు ఉత్పత్తి కథలో తోడేళ్ళను ఒక పరివర్తకుడు మనుషులుగా మార్చాడు. మనుషులు తోడేళ్ళుగా మారి వాంపైర్లతో పోరాడడం నవలాకర్త్రి కల్పన. సజీవమైన ఒక సమాజపు మూలగాథ దిశ మారి, ఐరోపా నుంచి వచ్చిన కల్పిత వైరంలో ఒక పక్షంగా మిగిలింది. పట్టికను నమ్మిన పరిశోధకునికి ఈ అపహరణ కనిపించదు. అతనికి అది 'ప్రాచీన వైరానికి మరొక రూపం' మాత్రమే.

5. వర్గ వ్యాఖ్యానం, వైద్య వ్యాఖ్యానం

వాంపైర్ దోపిడీదారు, తోడేలు మనిషి దోపిడీకి గురైనవాడు అనే వ్యాఖ్యానం అభ్యుదయ విమర్శకు అలవాటుపడిన తెలుగు పరిశోధకునికి ఆకర్షణీయంగా తోస్తుంది. ఆధారాలు దీనికి వ్యతిరేకంగా ఉన్నాయి. నివేదికలలోని వాంపైర్లు బ్లగోయెవిచ్, పావ్లె వంటి రైతులు, సరిహద్దు కాపరులు. సాహిత్యంలోని ప్రాచీన తోడేలు మనుషులలో ప్రసిద్ధుడు ఒవిడ్ వర్ణించిన లైకాయన్, అతడు రాజు. 12వ శతాబ్దిలో మరీ ద ఫ్రాన్స్ కావ్యనాయకుడు బిస్‌క్లావ్రె రాజుకు ఆప్తుడైన సామంతుడు. అంటే వర్గ వ్యాఖ్యానం నిలబడాలంటే పాత ఆధారాలను తలక్రిందులు చేయాలి.

ఈ వ్యాఖ్యానానికి తరచుగా ప్రమాణంగా చూపే మార్క్స్ కూడా దానికి అనుకూలుడు కాడు. 1867 నాటి 'పెట్టుబడి' మొదటి సంపుటంలో, పనిదినాన్ని గురించిన అధ్యాయంలో, సజీవ శ్రమను పీల్చి బ్రతికే మృతశ్రమగా పెట్టుబడిని వాంపైర్‌తో పోల్చాడు. అదే అధ్యాయంలో అదనపు శ్రమ కోసం పెట్టుబడి పడే తహతహను తోడేలు మనిషి ఆకలి అన్నాడు. రెండు ఉపమానాలకూ ఉపమేయం ఒక్కటే. ఒకటి యజమానికి, మరొకటి కార్మికునికి పంచిపెట్టినది మార్క్స్ కాదు. డ్రాకులాను పెట్టుబడికి ప్రతీకగా వ్యాఖ్యానించిన ఫ్రాంకో మొరెట్టి సైతం అతనికి జంటగా ఎంచుకున్నది ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన జీవిని. తోడేలు మనిషిని కాదు.

వైద్య వ్యాఖ్యానానిది మరొక తీరు. వాంపైర్ విశ్వాసానికి మూలం పోర్ఫీరియా అనే వ్యాధి అని 1985లో డేవిడ్ డాల్ఫిన్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఆ వ్యాధి కొన్ని రకాలలో ఎండ తగిలితే చర్మం దెబ్బతింటుంది. కాని ఎండకు నశించడం జానపద వాంపైర్ లక్షణమే కాదు. అది 1922 నాటి చిత్రం ఇచ్చినది. ఒక చిత్రదర్శకుని కల్పనకు వైద్యకారణం చూపి, 18వ శతాబ్ది గ్రామీణుల విశ్వాసాన్ని వివరించినట్లు భావించడం ఈ పద్ధతి వైఫల్యానికి స్పష్టమైన నిదర్శనం. పైగా వాంపైర్లుగా ముద్రపడినవారు ఆ ముద్ర పడే నాటికి మృతులు. వారు బ్రతికి ఉండగా ఎండకు భయపడ్డారని ఆ నివేదికలు చెప్పవు.

6. బేతాళుని మీద పడిన ముద్ర

ఈ చర్చకు తెలుగు సాహిత్యంతో గల సంబంధం 1870లో ఏర్పడింది. ఆ సంవత్సరం రిచర్డ్ బర్టన్ బేతాళ కథలను ఆంగ్లంలో 'విక్రమ్ అండ్ ద వాంపైర్' అనే పేరుతో ప్రచురించాడు. ఆంగ్ల పాఠకునికి పరిచితమైన మాటను శీర్షికలో ఉంచడం అతని అవసరం. ఆ అవసరాన్ని సిద్ధాంతంగా స్వీకరించి, బేతాళుడు భారతీయ వాంపైర్ అని చెప్పడం మాత్రం పరిశోధకుని అలసత్వం. సోమదేవుని 'కథాసరిత్సాగరం'లోనైనా, 'చందమామ' పాఠకులు దశాబ్దాల పాటు ఎరిగిన కథలలోనైనా, విక్రముని భుజం మీది బేతాళుడు రక్తం త్రాగడు. కథ చెబుతాడు, ప్రశ్న అడుగుతాడు, మౌనభంగం కాగానే చెట్టెక్కుతాడు. చివరకు కపట భిక్షువు పన్నాగాన్ని తెలిపి రాజును కాపాడతాడు.

బేతాళునికీ ఐరోపా వాంపైర్‌కూ పోలికే లేదని కాదు. పోలిక ఉంది, పట్టిక వెదికే చోట లేదు. శవంలో పరాత్మ ప్రవేశించడం బేతాళుని స్వభావం. కరాజిచ్ నిఘంటువులో వుకొద్లాక్‌కు చెప్పిన అర్థమూ అదే. అంటే బేతాళునితో పోల్చదగినది బాల్కన్ గ్రామాల వాంపైర్. ఆ పోలికకు ఆధారం పరాత్మావేశం, రక్తపానం కాదు. డ్రాకులాలో ఉన్నది పరాత్మ కాదు, మరణించని స్వీయవ్యక్తిత్వం. డ్రాకులాను కొలబద్దగా పెట్టుకున్న పరిశోధకుడు లేని సామ్యాన్ని చూస్తూ, ఉన్న సామ్యాన్ని చేజార్చుకుంటున్నాడు.

తోడేలు మనిషికి సాటి వెదికేవారికి కూడా ఇదే హెచ్చరిక. నన్నయ ఆదిపర్వంలోని కల్మాషపాదుడు శాపవశాన రాక్షసావేశం పొంది నరమాంసభక్షకుడైన రాజు. లైకాయన్‌తో పోల్చదగిన అంశాలు అతని కథలో ఉన్నాయి: రాజత్వం, నరమాంసం, అపరాధం, శిక్ష. కాని లైకాయన్ శిక్ష శాశ్వతం, కల్మాషపాదునిది పన్నెండేండ్ల అవధి గలది, విముక్తి గలది. లైకాయన్ రూపం మారుతుంది. కల్మాషపాదునిలో ముందుగా ప్రవర్తన మారుతుంది. ఈ భేదాల నుంచి అపరాధాన్ని గురించి, ప్రాయశ్చిత్తాన్ని గురించి రెండు సంస్కృతుల భావనలను చర్చించవచ్చు. 'తెలుగు తోడేలు మనిషి' అని పేరు పెట్టడంతో ఆగిపోతే ఆ చర్చకు తావుండదు.

7. నిజమైన భేదం ఎక్కడ

పట్టికను తొలగించిన తరువాత తులనకు ఏమీ మిగలదనే భయం అక్కరలేదు. అసలు భేదం అప్పుడే కనిపిస్తుంది. వాంపైర్ అనే ఆరోపణ మృతుని మీద పడుతుంది. తోడేలు మనిషి అనే ఆరోపణ, విచారణల చరిత్రలో, బ్రతికి ఉన్న మనిషి మీద పడుతుంది. మొదటిదాని స్థలం శ్మశానం, రెండవదాని స్థలం న్యాయస్థానం.

1589లో కొలోన్ సమీపాన బెడ్‌బుర్గ్‌లో పేటర్ స్టుంప్ అనే రైతును తోడేలు మనిషిగా నిర్ధారించి చక్రం మీద ఎముకలు విరగగొట్టి చంపారు. అతని కుమార్తెను, సహచరిని కూడా చంపారు. చిత్రహింస భయంతో చెప్పిన మాటలే అతని నేరాంగీకారం. 1603లో ఫ్రాన్సులో ఝాఁ గ్రెనియే అనే బాలుడు తాను తోడేలుగా మారి పిల్లలను తిన్నానని చెప్పుకున్నాడు. బోర్డో న్యాయస్థానం అతని మతి సరిగా లేదని గ్రహించి, మరణశిక్షకు బదులు సన్యాసుల మఠంలో జీవితాంతం ఉంచింది. 1691లో లివోనియాలో థీస్ అనే వృద్ధ రైతు న్యాయమూర్తులను మరింత ఇబ్బందిపెట్టాడు. తోడేలు మనుషులు సైతాను సేవకులు కారనీ, దేవుని వేటకుక్కలనీ, నరకానికి వెళ్ళి మంత్రగాళ్ళు దొంగిలించిన పంటను తిరిగి తెస్తారనీ వాదించాడు. కార్లో గింజ్‌బర్గ్ 1966లో తన గ్రంథంలో ఈ వాంగ్మూలాన్ని చర్చించాడు. తోడేలు మనిషి అంటే మనిషిలోని మృగమనే సార్వకాలిక ప్రతీకవాదానికి థీస్ ఒక్కడే చాలినంత సమాధానం.

వాంపైర్ విషయంలో రాజ్యం వేరుగా వ్యవహరించింది. వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ నివేదిక అందిన తరువాత 1755లో మరియా థెరీసా, ఇటువంటి అనుమానాలతో గ్రామస్థులు తమంతట తాము శవాలను త్రవ్వి శిక్షించడాన్ని నిషేధించింది. తోడేలు మనిషి విచారణలలో నిందితుని శరీరాన్ని హింసించి సాక్ష్యం రాబట్టిన రాజ్యమే, శతాబ్దిన్నర తరువాత శవపరీక్ష ద్వారా సాక్ష్యాన్ని తిరస్కరించింది. ఈ మార్పుకు కారణాలేమిటి? న్యాయశాస్త్రంలో వచ్చిన మార్పు ఎంత, వైద్యంలో వచ్చిన మార్పు ఎంత, సరిహద్దు ప్రాంతాల పాలనావసరం ఎంత? తులనాత్మక పరిశోధన అడగవలసిన ప్రశ్నలు ఇవి. వీటికి సమాధానం నివేదికలలో, తీర్పులలో, నిఘంటువులలో ఉంది; చలనచిత్ర ప్రచారపత్రాలలో లేదు.

జనప్రియ సంస్కృతి కూడా నేటి జానపదమే, దానిని తక్కువచేయడం దేనికని కొందరు అనవచ్చు. సినిమాలను, నవలలను, క్రీడలను పరిశోధించకూడదని ఇక్కడ వాదం కాదు. వాటిని వాటి కాలానికి, వాటి నిర్మాతలకు, వాటి వ్యాపారానికి చెందినవిగా పరిశోధించాలి. నాజీ జర్మనీని వీడి వచ్చిన రచయిత 1941లో, గుర్తు పడ్డవాడు తప్పించుకోలేని కథను ఎందుకు వ్రాశాడన్నది గొప్ప పరిశోధనాంశం. ఆ పద్యాన్ని ప్రాచీన జానపద సూక్తిగా భావించినవానికి ఆ ప్రశ్న తట్టనే తట్టదు. కనుక పట్టిక జానపదానికి మాత్రమే కాదు, జనప్రియ సంస్కృతికి కూడా అన్యాయం చేస్తున్నది.

8. ముగింపు

బిరుదురాజు రామరాజు వంటివారి కృషితో తెలుగు జానపద పరిశోధన సేకరణ మీద నిలబడింది. ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, ఎప్పుడు చెప్పారు అనే ప్రశ్నలు దానికి పునాది. తెలుగు గేయానికి, తెలుగు కథకు వర్తింపజేసే ఈ నియమాన్ని ఐరోపా విశ్వాసాల విషయంలో సడలించడానికి కారణం లేదు. వాంపైర్, తోడేలు మనిషి తులనకు పూనుకునే పరిశోధకుడు ప్రతి లక్షణం పక్కన దాని తొలి ఆధారాన్ని, కాలాన్ని, స్థలాన్ని నమోదు చేయాలి. అలా నమోదు చేసిన వెంటనే పట్టికలోని అధిక భాగం జానపదం నుంచి జారి 19, 20 శతాబ్దుల వ్యాపార సాహిత్యంలోకి చేరుతుంది.

ఇది కేవలం పద్ధతికి సంబంధించిన పట్టింపు కాదు. చేతబడి చేశారనీ బాణామతి చేశారనీ అనుమానించి మనుషులను కొట్టిన, చంపిన వార్తలు తెలుగు ప్రాంతాలలో నేటికీ వెలువడుతున్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ హత్యలకు కారణాల జాబితాలో మంత్రవిద్యకు వేరే పద్దు కేటాయించింది. స్టుంప్ కుటుంబానికి జరిగినదానిని ఈ వార్తల పక్కన ఉంచి చదవగలిగిన పరిశోధకునికి, తోడేలు మనిషి ఒక పాత్ర కాదని, ఒక ఆరోపణ అని తెలుస్తుంది. ఆరోపణను పాత్రగా, నిందితుని మృగంగా, విచారణను వినోదంగా మార్చడం సినిమాకు వ్యాపారం కావచ్చు. విశ్వవిద్యాలయ పరిశోధన అదే మార్పును ఆమోదిస్తే, ఆనాటి న్యాయమూర్తుల తీర్పును మరొకసారి ధ్రువీకరించినట్లే అవుతుంది.